జొన్నికి ఏం పెట్టాలి? అమీర్‌పేట రూం నుంచి మా అనుభవం



పోయిన వారం గ్రూపులో ఒక తమ్ముడు అడిగాడు. "రూం దగ్గర కుక్కపిల్లను సాదుతున్నాం, తక్కువ ఖర్చులో ఏం పెట్టాలె?" అని. ఒకరు పెరుగన్నం అన్నారు, ఒకరు పెడిగ్రీ అన్నారు. ఇంకొకరు "ముందు నువ్వు కడుపునిండ తిను తమ్మీ" అని నవ్వే బొమ్మ పెట్టారు. మేం కూడా నవ్వుకున్నాం. కానీ అదే ప్రశ్నకు జవాబు తెలియక ఒక కుక్కపిల్ల కాళ్లు వంకర చేసినవాళ్లం మేం. అందుకే ఈ పోస్టు. కొంచెం పెద్దగా ఉంటుంది, ఓపికగా చదవండి.

మేం ముగ్గురం. ఒకడిది ఉట్నూరు వైపు గోండు గూడెం, ఒకడిది దుమ్ముగూడెం దగ్గర కోయ గూడెం, ఒకడిది దేవరకొండ వైపు తండా. అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందుల్లో, నాలుగో అంతస్తు పైన డాబా మీద రేకుల రూం. ఇద్దరం సాఫ్ట్‌వేర్ కోర్సు, ఒకడు గ్రూప్స్ ప్రిపరేషన్. వానలు మొదలైన రోజుల్లో కింద టీ కొట్టు పక్కన ఒక ఆడ కుక్కపిల్ల దొరికింది. తల్లి ఎక్కడుందో తెలియదు. ఇంకా కళ్లలో పాలపిల్ల చూపు పోలేదు. ఒళ్లంతా జొన్నగింజ రంగు. జొన్ని అని పేరు పెట్టుకున్నాం.

మొదట్లో మేం పెట్టినవి చెబితే నవ్వొద్దు. పొద్దున ప్యాకెట్ పాలు, పార్లే బిస్కెట్లు. మధ్యాహ్నం మెస్ నుంచి కవర్లో తెచ్చిన సాంబారన్నం. రాత్రి మిగిలితే చపాతీ ముక్క. రోజూ విరేచనాలే. మా ఓనరు అన్న "ఊరకుక్కకు ఏదైనా ఒకటే, పడేయండి, బతుకుతది" అన్నాడు. మాకూ లోపల అదే అనిపించింది. మన గూడేల్లో, తండాల్లో కుక్కకు ప్రత్యేకంగా ఎవరు వండారు? మనం తినేదే దానికీ.

ఆషాఢంలో బోనాల ఆదివారం ఎవరో కోడికూర పంపారు. తిన్నాక ఎముకలన్నీ జొన్నికి పెట్టాం. కుక్కకు ఎముక పెట్టడం తప్పని మాకెట్లా తెలుస్తది? ఆ రాత్రి నుంచి వాంతులు, మర్నాడు దొడ్డికి పోతే నెత్తురు చారలు. దగ్గర్లోని ఒక ప్రైవేటు క్లినిక్‌లో చూపించి మందులు వేస్తే మూడు రోజులకు తేరుకుంది. వండిన ఎముక, ముఖ్యంగా కోడి ఎముక, ఎండిన వెదురు పేడులాగ మొనలు దేలి విరుగుతుంది, పేగుల్లో గుచ్చుకుంటుంది అని అక్కడే తెలిసింది. భయపడి అప్పటి నుంచి ఎముక అనేదే దగ్గరికి రానీయలేదు.

తర్వాత "మంచిగా పెడదాం" అని పంజాగుట్ట వైపు ఒక పెట్ షాపుకు పోయాం. లోపల ఏసీ, అద్దాల మీద తెల్లతోలు కుక్కల ఫొటోలు. కౌంటర్ దగ్గరి మనిషి ముందు మా చెప్పుల వైపు చూశాడు. "ఏ బ్రీడు?" అన్నాడు. "దేశీ" అన్నాం. "మరి దానికి ఇవన్నీ ఎందుకు? మీ బడ్జెట్‌కు కాదులే బ్రో" అన్నాడు. మన పిల్లలకు ఆ మాట కొత్త కాదు. బట్టల షాపులో, రూం వెతికేటప్పుడు, ఇంగ్లీష్ క్లాసులో ఏదో ఒక రూపంలో విన్నదే. రోషం వచ్చింది. ముగ్గురి జేబులూ కలిపి 1,800 పెట్టి రెండు కిలోల విదేశీ సంచి కొన్నాం. బయటికి వచ్చి మెట్రో స్టేషన్ మెట్ల మీద కూర్చుంటే ఎవరికీ మాట రాలేదు. ఆ వారమంతా పొద్దున టిఫిన్ మానేశాం. సంచి మూడు వారాలు కూడా రాలేదు. అది "అడల్ట్" కుక్కలదని, పిల్లలది కాదని చాలా రోజుల తర్వాత చదివాం. రోషంతో కొన్నది కాబట్టి సంచి మీద ఏం రాసుందో చూడలేదు.

డబ్బులు అయిపోయాక మళ్లీ ఇంటి వంట. ఈసారి తెలివిగా చేస్తున్నాం అనుకున్నాం. ఊరి నుంచి తెచ్చుకున్న బియ్యం, చికెన్ సెంటర్లో చవగ్గా దొరికే కార్జాలు, ఎముక లేని ముక్కలు. ఉప్పూ కారం లేకుండా ఉడకబెట్టి రెండు పూటలా పెట్టాం. జొన్ని బొద్దుగా అయింది. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. రెండు నెలలు గడిచాయి. దసరా ముందు ఒకరోజు మెట్లు ఎక్కనని కూర్చుంది. ఎత్తుకుంటే కుయ్యోమంది. నిలబెడితే ముందుకాళ్లు మణికట్ల దగ్గర బయటికి వంగి ఉన్నాయి. రోజూ కళ్లముందు ఉన్నదే, మేం గమనించలేదు.

మెట్రోలో కుక్కను రానివ్వరు. ఇద్దరు ఆటోవాళ్లు కాదన్నారు, మూడో అన్న "ఒడిలో పట్టుకోండి" అని ఎక్కించుకున్నాడు. నారాయణగూడలోని ప్రభుత్వ పశువుల దవాఖానకు తీసుకుపోయాం. డాక్టరమ్మ కాళ్లు నొక్కి చూసింది, ఎక్స్‌రే చూసింది. ఎముకలు ఉండాల్సినంత తెల్లగా లేవు, పలచగా కనిపించాయి.

"ఏం పెడుతున్నారు?" అంది.

"మేం తినేదే మేడమ్. అన్నం, చికెన్."

"మీరేం తింటారు?"

ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అన్నం, పప్పు, సాంబారు, పచ్చడి. ఆదివారం చికెన్. అంతే.

ఆమె తిట్టలేదు. విడమరిచి చెప్పింది. అన్నంలోనూ మాంసంలోనూ ఫాస్ఫరస్ ఉంటుంది, కాల్షియం మాత్రం దాదాపు ఉండదు. రక్తంలో కాల్షియం తగ్గితే ఒళ్లు ఊరుకోదు, ఎముకల్లో దాచుకున్నది తోడుకుంటుంది. పెరిగే వయసులో ఇది జరిగితే ఎముక మెత్తబడి బరువుకు వంగుతుంది. జొన్ని బొద్దుగా పెరగడం కూడా కాళ్లకు భారమే అయింది. కార్జం మంచిదే కానీ రోజూ అదే పెడితే విటమిన్ ఏ ఎక్కువై అదీ ఎముకలకే చెడుపు. వారానికి ఒకటి రెండు సార్లు, కొంచెమే పెట్టాలి. పాలు చాలా కుక్కలకు అరగవు, మొదట్లో ఆ విరేచనాలు అందుకే అయి ఉంటాయి అంది. దూకనీయకుండా కొన్ని వారాలు ఒకచోట ఉంచాలి, కొలత ప్రకారం కాల్షియం మందు వేయాలి, పిల్లల దాణా పెట్టాలి. "ఎక్కువ వేస్తే తొందరగా బాగవుతది అనుకోకండి, కాల్షియం ఎక్కువైనా పెరిగే ఎముకకు చెడుపే" అని రెండుసార్లు చెప్పింది.

ఆ రాత్రి ఉట్నూరు వాడు ఇంటికి ఫోన్ చేశాడు. వాళ్ల అవ్వను అడిగాడు. "అవ్వా, మన కుక్కలకు జొన్న గట్క తప్ప ఏం పెట్టినం? వాటి కాళ్లు ఎప్పుడన్న వంగినయా?"

అవ్వ చాలాసేపు నవ్వింది. "గట్క మనం పెట్టేది బిడ్డా. మిగతాది అది తెచ్చుకునేది. ఎలుకలు పట్టకపోవునా? తొండలు, ఉడుములు తినకపోవునా? అడివిల పందిని కొట్టినప్పుడు పచ్చి బొక్క ఎవరు కొరికిన్రు? నువ్వు దాన్ని డాబా మీద కట్టేసి గట్క ఒక్కటే పెడితే అదెట్ల బతుకుతది?"

డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి చెప్పిందీ, అవ్వ ఎక్స్‌రే పేరు వినకుండా చెప్పిందీ ఒకటే. మన గూడెం కుక్క ఒట్టి మిగులన్నంతో బతకలేదు. ఎలుకను పట్టి తింటే మాంసంతో పాటు దాని ఎముకా, కార్జమూ, పేగులూ అన్నీ పోతాయి. పోడు చేను కాడ మంచె కింద రాత్రంతా కాపలా ఉండి, పగలు అడివంతా తిరిగి తనకు కావలసింది తాను వెతుక్కుంది. మనకు కనిపించింది మనం వేసిన ముద్ద ఒక్కటే. పట్నంలో ఆ ముద్దను తెచ్చాం, మిగతా అడివిని తేలేదు. కాబట్టి ఇక్కడ తక్కువ ఖర్చు దాణా అంటే ఆ తేలేని సగాన్ని చవగ్గా ఎట్లా పూడ్చాలో లెక్క వేసుకోవడమే.

అన్నం, గట్క దండగ అని మాత్రం అనుకోకండి. 2013లో నేచర్ పత్రికలో స్వీడన్ పరిశోధకుల అధ్యయనం ఒకటి వచ్చింది. పిండిపదార్థాన్ని అరిగించే ఎంజైము తాలూకు ఒక జన్యువు తోడేలులో రెండు ప్రతులే ఉంటే కుక్కల్లో 4 నుంచి 30 దాకా ఉన్నాయని వాళ్లు చూపించారు. అంటే మనిషి గింజ తినడం మొదలుపెట్టాక పక్కన చేరిన కుక్క లోపల కూడా మారింది. జొన్న, బియ్యం, మక్క, రాగి బాగా ఉడికిస్తే కుక్కకు అరుగుతాయి. షాపుల్లో "గ్రెయిన్ ఫ్రీ" అని ఎక్కువ ధరకు అమ్మే సంచులు చూసి మనసు చిన్నబుచ్చుకోకండి. బఠానీలు, పప్పులు ఎక్కువగా వేసిన అలాంటి దాణాలకూ కుక్కల్లో గుండెజబ్బుకూ సంబంధం ఉందేమో అని అమెరికాలో ఎఫ్‌డీఏ 2018లో విచారణ మొదలుపెట్టింది. ధర ఎక్కువ ఉన్నదల్లా మేలైనది కాదు.

ఇక సంచి దాణా సంగతి. ఇది ఏదో దొరల తిండి అని మాకు ఒక భయం, ఒక ఆశ రెండూ ఉండేవి. పెడిగ్రీ తయారుచేసే మార్స్ కంపెనీ ఫ్యాక్టరీ మన సిద్దిపేట జిల్లాలోనే ఉంది. డ్రూల్స్ కంపెనీ ఛత్తీస్‌గఢ్‌లోని రాజ్‌నంద్‌గావ్ కోళ్ల వ్యాపార సంస్థది. మేం ఇప్పుడు కొనే సంచి వెనక్కి తిప్పి చదివితే ధాన్యాలు, సోయా, కోడి మాంసం పొడి, ఖనిజాలు, విటమిన్లు అని ఉంది. మక్కలు, సోయా ఉట్నూరు వైపు మన నాయనలు పండించేవే. ఆ సంచిలో మనకు చేతకానిది ఒక్కటే, ఆ చివరి ఖనిజాలు, విటమిన్లు కొలత ప్రకారం కలపడం. పెరిగే పిల్లకు ఆ కొలత తప్పితే ఏమవుతుందో జొన్ని కాళ్లు చూపించాయి.

కాబట్టి మేం నేర్చుకున్నది ఇట్లా.

కొనేటప్పుడు మొదట సంచి మీద "పప్పీ" అని ఉందా "అడల్ట్" అని ఉందా చూడండి. ఏడాది లోపు పిల్లకు పప్పీదే. తర్వాత "కంప్లీట్ అండ్ బ్యాలెన్స్‌డ్" అనే మాట చూడండి. అది లేనిది నంజుకునే తిండి, పూర్తి భోజనం కాదు. ప్రోటీన్ శాతం చూడండి. అమెరికాలో పాటించే ప్రమాణం ప్రకారం నీరు తీసేసిన లెక్కలో పెద్ద కుక్కకు కనీసం 18, పిల్లకు 22.5 శాతం ఉండాలి. తయారీ తేదీ చూడండి. పెద్ద సంచి విప్పి కిలో, అరకిలో లూజుగా అమ్ముతారు, చవగ్గానే వస్తుంది. మేమూ ఒకసారి తెచ్చాం. దానికి తేదీ లేదు, పేరు లేదు, నూనె ముక్కు వాసన. జొన్నే ముట్టలేదు.

కిలో ధర చూడొద్దు, రోజు ఖర్చు లెక్క వేయండి. జొన్ని ఇప్పుడు 14 కిలోలు. ఆ బరువు కుక్కకు, ఓ మోస్తరుగా తిరిగేదానికి, రోజుకు దాదాపు 800 క్యాలరీలు కావాలి. ఒట్టి సంచి దాణాతో అయితే రోజుకు 225 గ్రాముల దాకా పడుతుంది. మేం కొనే మామూలు రకం కిలో 230 రూపాయల చొప్పున నెలకు 1,550 అవుతుంది. అప్పుడు రోషంతో కొన్న రకంతో అయితే నెలకు ఐదువేలు దాటుతుంది. అమీర్‌పేటలో మాలో ఒకరి రూం, తిండి ఖర్చు అది.

మేం ఇప్పుడు సగం సగం చేస్తున్నాం. రోజుకు 110 గ్రాముల దాణా. మిగతా సగానికి 60 గ్రాముల బియ్యం లేదా జొన్నరవ్వ మెత్తగా ఉడికించి, ఒక ఉడకబెట్టిన గుడ్డు, చికెన్ సెంటర్లో దొరికే కందనకాయలు 80 గ్రాములు, ఒక గుప్పెడు సొరకాయో గుమ్మడికాయో క్యారెట్టో. వారానికి ఒకరోజు కందనకాయల బదులు కొంచెం కార్జం. ఉప్పు, కారం, తాలింపు ఏమీ వేయం. దాణా 760, గుడ్లు 210, కందనకాయలు 290 దాకా. బియ్యం, జొన్నలు ఇంటి నుంచే. మొత్తం 1,260. ముగ్గురికి తలా 420. ఇది ఏడాది దాటిన కుక్క లెక్క. పిల్లగా ఉన్నప్పుడు డాక్టరమ్మ చెప్పినట్టు ఆరేడు నెలలు ముప్పాతిక భాగం పప్పీ దాణానే పెట్టాం, రోజుకు మూడుసార్లు. అప్పుడే కొంచెం ఖర్చు ఎక్కువ. అక్కడ మిగుల్చుకుందామని చూడొద్దు.

సంచి అసలు కొనలేని పరిస్థితి ఉంటే? ఉంటుంది, మాకూ ఉండింది. అప్పుడు గుడ్డు పెంకులను కడిగి, వేడి చేసి, మిక్సీలో మెత్తని పొడి చేయండి. ఒక టీస్పూన్ పొడిలో సుమారు 2 గ్రాముల కాల్షియం ఉంటుంది. పెద్ద కుక్కకు ఇంటి వంటలో ఎంత కలపాలో దాని బరువు చెప్పి పశువుల డాక్టరును అడగండి. పిల్లకు మాత్రం అడగకుండా అసలు వేయొద్దు. మన మండలాల్లో పశువైద్యశాలలు ఉన్నాయి, సెలవుల్లో ఊరికి పోయినప్పుడైనా అడగొచ్చు. మేకల కోసం, ఎడ్ల కోసమే కాదు, కుక్క కోసం పోయినా చూస్తారు.

పెట్టకూడనివి కూడా రాసిపెట్టుకోండి. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ కుక్క నెత్తురును పాడుచేస్తాయి. అందుకే మెస్ సాంబారు, కూరలు, బిర్యానీ వద్దు. చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్ విషమే. షుగర్ ఫ్రీ చూయింగ్ గమ్‌లలో వేసే జైలిటాల్ ఇంకా ప్రమాదం. టీ, కాఫీ వద్దు. వండిన ఎముకలు వద్దే వద్దు. మన జ్వరం గోళీలు సొంతంగా వేయొద్దు. ఇంకో మాట, తిండి పెట్టి సాదుతున్నారంటే రేబిస్ టీకా కూడా మీ బాధ్యతే. జులై 6న జూనోసిస్ దినం నాడు ప్రభుత్వ పశువైద్యశాలల్లో చాలా చోట్ల ఉచితంగా వేస్తారు. పిల్లలు ఆడుకునే చోట, మెట్ల మీద పెట్టి జనంతో గొడవ తెచ్చుకోకండి. ఒక మూల, ఒక టైము, గిన్నె మళ్లీ తీసేయడం. మా ఓనరు అన్న ఇప్పటిదాకా మమ్మల్ని ఖాళీ చేయించలేదంటే ఈ ఒక్క అలవాటు వల్లనే.

ఇంకొకటి చెప్పాలా వద్దా అని ముగ్గురం చాలాసేపు అనుకున్నాం. చెబుతున్నాం. జొన్నికి మందు నడుస్తున్న రోజుల్లోనే మాలో ఒకడు రక్తదాన శిబిరానికి పోయాడు. వేలు మీద చుక్క తీసి చూసి వెనక్కి పంపారు. నెత్తురు ఇవ్వాలంటే హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి, వాడికి 10 కూడా లేదు. మనవాళ్లలో సికిల్ సెల్ ఉంటుంది కాబట్టి ఆ పరీక్ష కూడా చేయించాడు, అది లేదని తేలింది. ఒట్టి తిండి లోపమే. అప్పుడు డాక్టరమ్మ ప్రశ్న గుర్తొచ్చింది. "మీరేం తింటారు?"

ఇంటి దగ్గరా మనం తినేది గట్కే, అన్నమే. కానీ దాని పక్కన తునికి పండు, వెదురు కొమ్ము, చెరువు చేప, పెరట్లో ఆకుకూర ఉండేవి. వాటిని ఎవరూ భోజనం అని లెక్కపెట్టలేదు, తిరుగుతూ తినేశాం. ఇక్కడికి అన్నం ఒక్కటే తెచ్చుకున్నాం. కుక్కకు గుడ్డు ఉడకబెట్టే గిన్నెలోనే ఇప్పుడు నాలుగు గుడ్లు ఉడుకుతున్నాయి. పంజాగుట్ట మార్కెట్లో సాయంత్రం ధర తగ్గాక తోటకూర, మునగాకు తెస్తున్నాం. ఆర్నెల్ల తర్వాత వాడి హిమోగ్లోబిన్ 12.8.

జొన్ని కుడికాలు పూర్తిగా చక్కబడింది. ఎడమకాలికి కొంచెం వంకర మిగిలింది, అది పోదని డాక్టరమ్మ చెప్పింది. ఆ కాలు చూసినప్పుడల్లా మాకు తప్పు గుర్తొస్తుంది. పోయిన సంక్రాంతికి వీడియో కాల్‌లో అవ్వకు చూపించాం.

"కాలు కొంచెం వంకరనే ఉండిపోయిందవ్వా" అన్నాడు వాడు.

"ఉరుకుతదా?" అంది.

"ఉరుకుతది. డాబా అంతా ఉరుకుతది."

"గది చాలు" అంది అవ్వ. తర్వాత "నువ్వు తిన్నవా?" అని అడిగింది.

తమ్ముడూ, నువ్వు అడిగినదానికి మా జవాబు ఇదీ. నీ పిల్ల వయసెంత, బరువెంత, ఇప్పుడు ఏం పెడుతున్నావో కింద రాయి. ఊళ్లో కుక్కలను సాదిన అన్నలూ అక్కలూ మీకు తెలిసింది కూడా రాయండి. రోజుకు ఎంత ఖర్చవుతుందో కలిసి లెక్క వేద్దాం.

జోహార్.
అమీర్‌పేట డాబా రూం నుంచి ముగ్గురం, జొన్ని